లోపల వదిలిన గుడ్డ

162.5. 99 నుంచి 120. 64కు మించకూడదు. 81.5 నుంచి 96.

ఈ అంకెల్ని ఒక చీటీ మీద రాసి, అవేమిటో చెప్పకుండా మా చిన్నాయన ముందు పెట్టాను. ఆయన పామిడిలో కటింగ్ మాస్టరు. అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చూసి, "సెంటీమీటర్లలో రాసుకొచ్చినావే, అంగుళాల్లో కదా చెప్పాల్సింది" అని విసుక్కున్నాడు. మళ్ళీ చూసి, "మొదటిది ఎత్తు. రెండోది కాలు. మూడోది తొడ చుట్టుకొలతైతే మనిషి బాగా దిట్టంగా ఉన్నట్టు. నాలుగోది నాకు తెలీదు నాయనా, ఆ కొలత మేం తీసుకోం" అన్నాడు.

రెండు సరిగ్గా చెప్పాడు, మూడోది సగం. ఇవి భారత వైమానిక దళంలో పైలట్ కావాలనుకునే పిల్లల దేహ కొలతలు. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు ఉండాలి. కాలి పొడవు 99కి తగ్గకూడదు, 120కి మించకూడదు. తొడ పొడవు, అంటే కూర్చున్నప్పుడు పిరుదు వెనక నుంచి మోకాలి చిప్ప దాకా, 64 దాటకూడదు. కూర్చున్నప్పుడు పీట నుంచి నడినెత్తి వరకు 81.5కీ 96కీ మధ్య ఉండాలి. కాలు పొట్టిదైతే చుక్కానిని తిప్పే పెడళ్ళు అందవు. కూర్చున్న ఎత్తు ఎక్కువైతే తల గాజు కప్పుకు తగులుతుంది, తక్కువైతే ఎదుటి రన్‌వే కనబడదు. తొడ సంగతి మాత్రం కాస్త ఒళ్ళు జలదరించేది. ఆపదలో సీటుతో సహా పైకి ఎగిరి బయటపడాల్సి వచ్చినప్పుడు, పొడుగు తొడలున్నవాళ్ళ మోకాళ్ళు ముందున్న పలకకు కొట్టుకుంటాయి.

ఈ మాట విన్నాక చిన్నాయన కాసేపు మిషను తొక్కడం ఆపేశాడు. ఒక గుడ్డ కొలత తప్పితే పండక్కి పిల్లాడు ఏడుస్తాడు, అంతే. ఇక్కడ కొలత తప్పితే కాళ్ళు పోతాయి.

నా వ్యాసం ఈ కొలతల వెనకున్న పనితనం గురించి. రేపటి యుద్ధవిమానాన్ని నడపబోయే మనిషికి ఏం నేర్పాలి, ఎంత నేర్పాలి, నేల మీద ఎంత, గాల్లో ఎంత అన్నది తేల్చడానికి ఈరోజు వేసుకునే పరిశోధన ప్రణాళికల గురించి. పరిశోధన ప్రణాళిక అన్న మాట వింటే ఆవలింత వస్తుందని నాకు తెలుసు. నాకూ వచ్చేది. కానీ బాగా వేసిన ప్రణాళిక ఒకటి రెండు దగ్గర కూర్చుని చూశాక, ఇందులో సుద్దముక్కా కత్తెరా పట్టినవాడి నేర్పు కనబడింది. గుడ్డ ఖరీదైనది, ఒక్కసారే కత్తిరించగలం, తొడుక్కోవాల్సిన మనిషి ఇంకా కొట్టు మెట్లెక్కలేదు. అట్లాంటి కటింగు ఇది.

పామిడిలో కూర్చుని ఇదెందుకు రాయాలని అడగొచ్చు. మా ఊరు పెన్న ఒడ్డున ఉంది. ఏట్లో నీళ్ళున్న రోజుల కన్నా ఇసుక ఉన్న రోజులే ఎక్కువ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల పైచిలుకు సగటు వానతో బతికే జిల్లాలో, చేను చేతులెత్తేసిన ఏడు కుట్టు మిషనే ఇల్లు గడుపుతుంది. గుడ్డా దారమూ ఇక్కడి మాటల్లోకి వాటంతట అవే వస్తాయి. రెండో కారణం, ఊరి పక్కగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి. రాత్రిపూట ఈ దారిన పోయే బస్సులు ఒక కొసన హైదరాబాదును, ఇంకో కొసన బెంగళూరును కలుపుతాయి. హైదరాబాదు పక్కన దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. 1967 అక్టోబరు 11న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ దానికి శంకుస్థాపన చేశారు, 1971లో శిక్షణ మొదలైంది. బెంగళూరులో 1957 నుంచి పనిచేస్తున్న వైమానిక వైద్య సంస్థ ఉంది. శిక్షణ విమానాలు తయారుచేసే హిందూస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) ఉంది. సిమ్యులేటర్ల మీద పనిచేసే ప్రయోగశాల ఏడీఈ ఉంది. నేర్చుకునేవాళ్ళు ఆ కొసన, ఎలా నేర్పాలో వెతికేవాళ్ళు ఈ కొసన. మేం మధ్యలో.

మొదట నన్ను కట్టిపడేసింది ఒక జల్లెడ. 1950లో అమెరికా వైమానిక దళం ఒహాయోలోని రైట్ స్థావరంలో తన పైలట్ల కొలతలు పెద్దఎత్తున తీయించింది. ఆ పనిలో ఉన్న గిల్బర్ట్ డేనియల్స్ అనే కుర్ర పరిశోధకుడికి ఒక అనుమానం వచ్చింది. సగటు పైలట్‌కు సరిపోయేలా కాక్‌పిట్ చేస్తున్నాం సరే, ఆ సగటు పైలట్ ఎవరు, ఎక్కడున్నాడు? 4,063 మంది కొలతలు తీసుకున్నాడు. పది కొలతల్ని ఎంచుకున్నాడు. అవి ఏవో చూస్తే ఏ టైలరైనా నవ్వుతాడు: ఎత్తు, ఛాతీ, చేతి పొడవు, కాలి లోపలి ఎత్తు, మొండెం నిలువు చుట్టుకొలత, తుంటి, మెడ, నడుము, తొడ, గజ్జల పొడవు. నిజంగానే అవి బట్టలు కుట్టడానికి పనికొచ్చే కొలతలు. "సగటు" అన్నదాన్ని కూడా డేనియల్స్ బిగించి పట్టలేదు, ఉదారంగానే వదిలాడు. ఒక్కో కొలతలో మధ్యనున్న దాదాపు 30 శాతం మందినీ సగటు వాళ్ళుగానే లెక్కేశాడు.

ఇక జల్లెడ పట్టాడు. 4,063 మందిలో ఎత్తులో సగటువాళ్ళు 1,055. వాళ్ళలో ఛాతీ కూడా సగటుగా ఉన్నవాళ్ళు 302. చేతి పొడవూ కలిసినవాళ్ళు 143. ఆ తర్వాత 73, 28, 12. మెడ దగ్గరికొచ్చేసరికి ఆరుగురు. నడుము దగ్గర ముగ్గురు. తొడ దగ్గర ఇద్దరు. పదో కొలత దగ్గర సున్నా.

ఒక్కడు కూడా లేడు. నాలుగు వేల మందికి సరిపోతుందని చేసిన కాక్‌పిట్ నిజానికి ఎవరికీ అచ్చంగా సరిపోదు. 1952లో ఈ ఫలితం అచ్చయింది. సీటు పైకీ కిందికీ జరగాలి, పెడళ్ళు ముందుకూ వెనక్కూ కదలాలి అన్న ఆలోచనకు ఇది గట్టి ఆసరా అయింది. ఇందులో నేను మెచ్చుకునేది లెక్కల గొప్పతనాన్ని కాదు, ఆ లెక్క ఆరో తరగతి పిల్లలు కూడా చేస్తారు. ప్రశ్నను కత్తిరించిన తీరు గొప్పది. సగటు ఎంత అని అందరూ అడుగుతున్న చోట, సగటువాడు ఉన్నాడా అని అడిగాడు. చిన్నాయనకు ఇదంతా చెబితే, "దీనికి నాలుగు వేల మందిని కొలవాలా? నా కొలతల పుస్తకం చూపిస్తే సరిపోయేది కదప్పా" అన్నాడు. ఆయన చెప్పిందీ నిజమే. కాకపోతే ఆ పుస్తకాన్ని అమెరికా వైమానిక దళ జనరల్స్ నమ్మేవాళ్ళు కాదు.

దేహానికి సగటు లేనప్పుడు బుర్రకూ చేతివాటానికీ ఉంటుందా? శిక్షణ తరగతుల దగ్గర ఇదే చిక్కు. ఇన్ని గంటలు ఎగిరితే ఇంత వస్తుందని పాఠ్యక్రమం రాసేస్తాం. ఒకడికి పన్నెండో గంటకే చెయ్యి కుదురుతుంది, ఒకమ్మాయికి ఇరవయ్యో గంటకు, ఇంకొకడికి ఎప్పటికీ కుదరదు. ఎందుకు కుదరలేదో రాయమంటే గురువులు ఏం రాస్తారన్నది కూడా ఒకాయన పట్టి చూశాడు. 1941లో అమెరికాలో పైలట్ శిక్షణ నుంచి తప్పించిన వెయ్యిమంది ఫైళ్ళను జాన్ ఫ్లానగన్ బృందం తిరగేసింది. చాలావాటిలో ఉన్నవి ఒకే తీరు ముక్కలు: పుట్టుకతో వచ్చే నేర్పు లేదు, నిర్ణయం సరిగా తీసుకోడు, తగినంత పురోగతి లేదు. ఈ మాటల్తో ఏం సరిచేయగలం? "కుట్టు బాగలేదు" అని చెప్పి పంపిస్తే కుర్రవాడు ఎక్కడ విప్పాలి? ఫ్లానగన్ ఆ తర్వాత గురువుల్ని అభిప్రాయాలు అడగడం మానేసి, జరిగిన సంఘటన అడిగాడు. ఏ క్షణాన, ఏ పని, ఎలా చేశాడు, దాంతో ఏమైంది? ఆ పద్ధతికి 1954లో ఒక రూపం ఇచ్చాడు. ఆసుపత్రుల నుంచి హోటళ్ళ దాకా మనుషుల పనిని పరిశీలించేవాళ్ళు ఈరోజుకీ దాన్ని వాడుతూనే ఉన్నారు.

గురువుల మాటొచ్చింది కాబట్టి ఒక చిన్న ముచ్చట. ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షకులకు పాఠం చెబుతున్న డేనియల్ కానమన్‌తో ఒక పాత శిక్షకుడు వాదానికి దిగాడు. మెచ్చుకుంటే మర్నాడు చెడగొడతారు, తిడితే మర్నాడు బాగా చేస్తారు, కాబట్టి తిట్టే మేలన్నాడు. కానమన్ నేల మీద సుద్దతో గురి గీసి, అందరిచేతా వీపు వెనక్కి రెండేసి నాణేలు విసిరించాడు. మొదట బాగా వేసినవాళ్ళు రెండోసారి కాస్త చెడగొట్టారు, మొదట చెడగొట్టినవాళ్ళు మెరుగయ్యారు. అక్కడ ఎవరూ ఎవర్నీ తిట్టలేదు, మెచ్చుకోలేదు. బడిలో బెత్తం పట్టిన ప్రతి అయ్యవారికీ ఈ ఆట ఆడించాలని నాకు కోరిక.

ఇంకొక సాహసం చెబుతాను. ఎంపిక పరీక్షలో తప్పినవాళ్ళు విమానం ఎక్కితే ఎలా ఉండేవాళ్ళో ఎవరికీ తెలియదు, ఎందుకంటే వాళ్ళను ఎక్కనివ్వం. కాబట్టి పరీక్ష మంచిదా కాదా అన్నది నెగ్గినవాళ్ళను మాత్రమే చూసి తేల్చాల్సి వస్తుంది. ఇది ఒంటి కన్నుతో సూదిలో దారం ఎక్కించడమే. 1943లో, యుద్ధం నడుమ, అమెరికన్లు వెయ్యిమందికి పైగా అభ్యర్థుల్ని మార్కులతో పని లేకుండా శిక్షణలోకి పంపి చూశారు. అతి తక్కువ మార్కులు వచ్చినవాళ్ళలో దాదాపు ఎవరూ గట్టెక్కలేదు. పరీక్ష నిలబడింది. విమానాలూ పెట్రోలూ మనుషులూ అంత కరువుగా ఉన్న రోజుల్లో, పాడవుతాయని తెలిసీ కొన్ని మీటర్ల గుడ్డ ఇచ్చి "కత్తిరించి చూడండి" అన్నవాళ్ళ గుండె ధైర్యాన్ని నేను ఒప్పుకుంటాను.

మన దగ్గర ఇదే పని చేసే పరీక్షకు పాత పేరు పీఏబీటీ. అందులో మీటర్లు చదివే రాతపరీక్ష ఒకటి, చేతులతోనూ కాళ్ళతోనూ చేసే పరీక్షలు రెండు. చేతిలో ఒక కర్ర, కాళ్ళ కింద పెడళ్ళు, ఎదుట తెర మీద పారిపోయే చుక్క. చెయ్యీ కాలూ కలిపి ఆ చుక్కను గడి మధ్యలో నిలపాలి. నడుమ దీపం వెలిగితే ఆర్పాలి, మోత వస్తే ఆపాలి. కాలితో తొక్కుతూ, చేత్తో గుడ్డను తిప్పుతూ, పక్కనున్నవాడితో బేరం మాట్లాడే మా వీధి ఆడవాళ్ళు దీంట్లో సగంమంది నెగ్గుతారని నా నమ్మకం, దానికి రుజువు లేకపోయినా. దీని స్థానంలో వచ్చిన కంప్యూటర్ పద్ధతి పేరు సీపీఎస్ఎస్. అబ్దుల్ కలాం ఆలోచనగా మొదలై, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్డీవోకు చెందిన ఢిల్లీ మనస్తత్వ పరిశోధన సంస్థ, బెంగళూరులోని ఏడీఈ కలిసి రూపమిచ్చినది. కలాం వయసులో ఉండగా ఇదే వైమానిక దళ ఎంపికకు డెహ్రాడూన్ వెళ్ళారు. 25 మందిలో తొమ్మిదో స్థానం వచ్చింది, ఉన్న ఖాళీలు ఎనిమిది. అట్లా తిరిగొచ్చిన మనిషి చివరికి ఎంపిక పద్ధతినే మార్చే ఆలోచన చేశారు. రాష్ట్రపతిగా 2006 జూన్ 8న పుణెలో సుఖోయ్-30 ఎక్కి ఎగిరారు కూడా.

ఈ పరీక్షలో ఒక కఠినమైన నియమం ఉంది. జీవితంలో ఒక్కసారే రాయాలి. తప్పితే పైలట్ విభాగం దారి మూసుకున్నట్టే. క్రూరంగా అనిపిస్తుంది గానీ దాని వెనక పరిశోధన తర్కం ఉంది. అభ్యాసంతో పెరిగే మార్కు ఆ పిల్లవాడి చేతివాటాన్ని చెప్పదు, కోచింగు ఎంత తీసుకున్నాడో చెబుతుంది. అయినా ఆ రోజు జ్వరంగా ఉన్న పిల్ల సంగతేమిటన్న ప్రశ్న నన్ను వదలదు.

ఇక అసలు పనితనం దగ్గరికి వద్దాం. సిమ్యులేటర్ అనగానే మనవాళ్ళకు పెద్ద గుమ్మటం, కదిలే కాళ్ళు, చుట్టూ ఆకాశం చూపే తెరలు గుర్తొస్తాయి. కొనేవాళ్ళు అడిగేది కూడా ఎంత నిజంగా ఉంటుందనే. అసలడగాల్సింది వేరే: దీనిమీద గడిపిన గంట గాల్లో ఎంతసేపు మిగులుస్తుంది? ఈ ప్రశ్నను ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ రాస్కో 1971లో ఒక చిన్న భాగహారంగా మార్చాడు. సిమ్యులేటర్ లేకుండా నేర్చినవాళ్ళకు గాల్లో పట్టిన గంటల్లోంచి, సిమ్యులేటర్ మీద నేర్చినవాళ్ళకు పట్టిన గంటలు తీసెయ్యి. మిగిలినదాన్ని సిమ్యులేటర్ గంటలతో భాగించు. అంతే.

1973లో పోవెన్‌మైర్, రాస్కో కలిసి దాన్ని చేసి చూపించారు. సైనిక పైలట్ల మీద కాదు, చిన్న విమానాలు నేర్చుకునే మామూలు విద్యార్థుల మీద. నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు సిమ్యులేటర్ అసలు లేదు. మిగతావాటికి 3, 7, 11 గంటలు. అందరికీ చివర్లో ఒకే పరీక్ష. ఆ పరీక్ష నెగ్గడానికి గాల్లో సగటున పట్టిన గంటలు వరసగా 45.4, 40.3, 38.6, 37.9.

ఈ నాలుగు అంకెల్ని మామూలుగా చదివితే, సిమ్యులేటర్ పనిచేస్తుంది, ఎక్కువ వాడితే ఎక్కువ లాభం అనిపిస్తుంది. నిదానంగా చదవండి. మొదటి మూడు గంటలు గాల్లో 5.1 గంటల్ని మిగిల్చాయి. అంటే నేల మీద ఒక్కో గంటకు గాల్లో గంటా నలభై రెండు నిమిషాల ఆదా. తర్వాతి నాలుగు గంటలు కలిపి మిగిల్చింది 1.7 గంటలే, అంటే గంటకు పాతిక నిమిషాలు. చివరి నాలుగు గంటలు అన్నీ కలిసి మిగిల్చింది నలభై రెండు నిమిషాలు, గంటకు పది నిమిషాలు చిల్లర. మొదట్లో ఒక గంటకు దక్కిన ఆదా చివర్లో నాలుగు గంటలకు కూడా దక్కలేదు. వంకాయ కూరలో మొదటి గరిటె నూనె చేసే పని నాలుగో గరిటె చేయదు. అది వంటావిడకు తెలుసు, లక్షలు పోసి యంత్రాలు కొనేవాళ్ళకు ఇట్లా లెక్కగట్టి చెప్పాలి.

ఆ ప్రయోగం కటింగును ఇప్పుడు గమనించండి. గుంపులు రెండే పెట్టి ఉంటే, ఒకటి సున్నాతో, ఒకటి పదకొండుతో, వంపు కనబడేది కాదు. 7.5 గంటలు మిగిలాయని రాసి సంతోషపడేవాళ్ళు. మధ్యలో 3, 7 అనే రెండు గుర్తులు పెట్టడం వల్లే గీత వంగడం కనబడింది. సుద్దతో రెండు చుక్కలు పెడితే తిన్నటి గీతే వస్తుంది. చంక దగ్గర వంపు రావాలంటే మధ్యలో చుక్కలు కావాలని ఏ కటింగ్ మాస్టరైనా చెబుతాడు. రెండో మెచ్చుకోలు, కొలబద్దను గంటల్లో పెట్టకుండా పరీక్ష నెగ్గడంలో పెట్టారు. ఎన్ని గంటలు ఎగిరాడని అడగలేదు, నెగ్గేసరికి ఎన్ని పట్టిందని అడిగారు. మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టం. ఈ పట్టిక ఎవరికీ ఆజ్ఞ ఇవ్వదు. గాల్లో గంట చవకైన ఫ్లయింగ్ క్లబ్బుకు మూడో గంట దగ్గర ఆగమని చెబుతుంది. గాల్లో గంటకు లక్షలు ఖర్చయ్యే వైమానిక దళానికి పది నిమిషాల ఆదా కూడా గిట్టుబాటేనని అదే పట్టిక చెబుతుంది.

చిన్న విమానం కొలతతో జెట్ పైలట్‌కు కుట్టలేం, నిజమే. ఆకాశంలో ఇద్దరు ఇద్దర్ని తరుముకునే యుద్ధాన్ని ఒక్క పరీక్షతో నెగ్గావని చెప్పడమూ కుదరదు. కుట్టే పద్ధతి మాత్రం ఇదే.

ప్రణాళిక ఆలస్యమైతే ఏమవుతుందో మన చరిత్రే చెబుతుంది. 1982లో ఎయిర్ మార్షల్ లా ఫాంటెయిన్ కమిటీ, యుద్ధవిమాన ప్రమాదాలను చూసి, పిల్లలు నెమ్మది విమానం దిగి నేరుగా మిగ్-21 లాంటి దురుసు విమానం ఎక్కకుండా మధ్యలో ఒక ఆధునిక జెట్ శిక్షణ విమానం కావాలని సూచించింది. మిగ్-21 నేలకు దిగే వేగమే గంటకు 300 కిలోమీటర్ల పైన. ఒప్పందం 2004 మార్చిలో అయింది. అలా కొన్న హాక్ విమానం బీదర్‌లో దళంలో చేరింది 2008 ఫిబ్రవరిలో. కొలత ఇచ్చిన రోజు పుట్టిన బిడ్డకు, గుడ్డ కుట్టి ఇచ్చేసరికి ఇరవై ఆరేళ్ళు. మధ్యలో ఎంతమంది ఆ గుడ్డ లేకుండానే గాల్లోకి వెళ్ళారో లెక్కపెట్టుకుంటే మనసు బరువెక్కుతుంది.

దుండిగల్‌లో మొదటి మెట్టు విమానం కథ కూడా ఇంచుమించు అలాంటిదే. హెచ్‌పీటీ-32 దీపక్ మీద ఏళ్ళ తరబడి పిల్లలు తొలి అక్షరాలు దిద్దుకున్నారు. 2009 జూలై 31న మెదక్ జిల్లాలో ఒక దీపక్ కూలి ఇద్దరు శిక్షకులు చనిపోయారు. ఆ విమానాల్ని నేలకు దించేశారు. స్విట్జర్లాండ్ పిలాటస్ వచ్చి దుండిగల్‌లో చేరింది 2013 మే 31న. ఆ దాదాపు నాలుగేళ్ళూ పిల్లలు పలక లేకుండా నేరుగా కాపీ పుస్తకంలో రాశారు, అంటే రెండో మెట్టులో ఎక్కాల్సిన కిరణ్ జెట్ మీదే తొలి పాఠం కూడా నేర్చారు. సరిగ్గా మూడేళ్ళకు, 2016 మే 31న, హెచ్ఏఎల్ తయారుచేసిన హెచ్‌టీటీ-40 మొదటిసారి బెంగళూరులో ఎగిరింది. 2023 మార్చిలో 70 విమానాలకు ఒప్పందం కుదిరింది. అందులో సిమ్యులేటర్లు కూడా ఉన్నాయి.

శిక్షణ విమానం కుట్టడంలో ఒక తమాషా ఉంది. మిగతా విమానాలు పడకుండా ఉండాలి, ఇది చక్కగా పడాలి. పిల్లలు తప్పు చేస్తారు, ముక్కు ఎక్కువ ఎత్తుతారు, రెక్క పట్టు వదిలేస్తుంది, విమానం గింగిరాలు తిరుగుతూ కిందికి జారుతుంది. దాన్నే స్పిన్ అంటారు. శిక్షణ విమానం కావాలని స్పిన్‌లో పడాలి, పిల్లవాడు నేర్చుకున్న పని చేయగానే బుద్ధిగా బయటికి రావాలి. హెచ్‌టీటీ-40 ఆరు చుట్లు తిరిగి బయటికొచ్చి చూపించింది. దానికన్నా ముందు పుట్టిన హెచ్‌జేటీ-36 జెట్ 2003లోనే ఎగిరింది గానీ, ఈ స్పిన్ దగ్గరే ఏళ్ళకేళ్ళు చిక్కుకుంది. తోక భాగాన్నే మార్చి మళ్ళీ పరీక్షలకు తీసుకెళ్ళారు. కుట్టిందాన్ని విప్పి కుట్టడం కొత్తది కుట్టడం కన్నా కష్టం.

చిన్నాయనకు అన్నిటికన్నా నచ్చింది జి సూట్. విమానం గట్టిగా మలుపు తిరిగితే మనిషి బరువు తొమ్మిది రెట్లవుతుంది. 70 కిలోల మనిషి 630 కిలోలవుతాడు. నెత్తురు కాళ్ళలోకి జారిపోతుంది, ముందు కళ్ళకు చీకట్లు, ఆ తర్వాత స్పృహ పోతుంది. అందుకని ప్యాంటు మీద ఇంకొక ప్యాంటు తొడుగుతారు. అందులో పిక్కల దగ్గర, తొడల దగ్గర, పొట్ట దగ్గర గాలి సంచులుంటాయి. మలుపు మొదలవగానే వాటిలోకి గాలి దూసుకొచ్చి కాళ్ళను పిండేస్తుంది, నెత్తురును పైకి తోస్తుంది. లూజుగా ఉంటే సంచి గాలిలో ఉబ్బుతుందే గాని కాలిని పిండదు. అందుకే పక్కల్లో తాళ్ళు పెట్టి ఒక్కో మనిషికీ విడిగా బిగిస్తారు. బెంగళూరులో డీఆర్డీవో ప్రయోగశాల డెబెల్ ఇలాంటివాటి మీద పనిచేస్తుంది. తేజస్ విమానంలోనే ఆక్సిజన్ తయారుచేసే వ్యవస్థ కూడా అక్కడిదే. 2025 మార్చి 4న దాన్ని ఎత్తైన ఆకాశంలో పరీక్షించి చూశారు. కానీ తొడుగు ఒక్కటే చాలదు. కాళ్ళు, పొట్ట బిగబట్టి, ఊపిరిని ముక్కలు ముక్కలుగా తీసే ఒక పద్ధతి నేర్చుకోవాలి. దాన్ని వైమానిక వైద్య సంస్థలో మనిషిని కూర్చోబెట్టి గిర్రున తిప్పే పెద్ద యంత్రంలో నేర్పుతారు. నేల మీద ఒంటికి అలవాటు చేయగలిగినదాన్ని గాల్లో చేయకూడదు అన్నది ఇక్కడ సూత్రం.

ముందున్నది ఇంకా చిక్కు. 2024 మార్చిలో కేంద్రం అనుమతించిన అమ్కా యుద్ధవిమానం ఒంటి సీటుది. వెనక సీట్లో గురువు ఉండడు. దాని పైలట్‌కు కర్ర తిప్పడం కన్నా, రాడార్లూ సెన్సర్లూ పోగుచేసి ఎదుట పెట్టే సమాచారంలో దేన్ని నమ్మాలి, దేన్ని వదలాలి అన్నదే పెద్ద పని. దాన్ని నేర్పాలంటే ఏం కొలవాలి? చేతి వేగాన్నా, అనుమానించే గుణాన్నా? పదేళ్ళ తర్వాత అందులో ఏ పరికరం ఉంటుందో ఈరోజు ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. అలాంటప్పుడు పూర్తిగా బిగించిన పాఠ్యక్రమం, ఒక్క విమానానికే అతుక్కున్న సిమ్యులేటర్, ఒక్క పరీక్షకే సరిపోయే లెక్క, ఇవన్నీ ఖరీదైన తప్పులవుతాయి.

మా చిన్నాయన బడి పిల్లల ప్యాంటు కుట్టేటప్పుడు కింద మడతలో రెండంగుళాల గుడ్డ లోపలికి వదులుతాడు. బయటికి కనబడదు. వచ్చే ఏడు పిల్లాడు పొడుగైతే కుట్టు విప్పి దించుకోవచ్చు. మంచి పరిశోధన ప్రణాళికలో నేను వెతికేది ఆ మడతనే. గంటల్లో కొన్నిటిని ఇంకా తేలని ప్రశ్నలకు అట్టే పెట్టారా? తప్పినవాళ్ళ లెక్కను పారెయ్యకుండా దాచారా? సున్నా గుంపు పెట్టే ధైర్యం చేశారా? ఇవి ఉంటే ఆ ప్రణాళిక కుట్టినవాడికి చెయ్యి తిరిగిందనే నా తీర్పు. ఇవి లేకుండా గుమ్మటం బొమ్మ ఒక్కటే ఉంటే, అది పెళ్ళి ఫోటోకు అద్దెకు తెచ్చిన కోటు.

అమ్కా నడిపే మనిషి ఇప్పుడు ఎక్కడో బడిలో ఉన్నాడు, లేదా ఉంది. 2016 జూన్ 18న దుండిగల్‌లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ యుద్ధవిమాన విభాగంలోకి అడుగుపెట్టాక ఆడపిల్లలకు ఆ దారి లేదనే మాట పోయింది. చిత్తూరు వైపు కలికిరిలో 2014 నుంచి సైనిక్ స్కూల్ ఉంది, అమ్మాయిల్నీ చేర్చుకుంటున్నారు. ఈ వ్యాసం చదువుతున్న మీ ఇంట్లో ఆరో తరగతికి వచ్చే పిల్లలుంటే, చేరే ఏడాది మార్చి 31 నాటికి పదేళ్ళు నిండి పన్నెండు దాటకుండా ఉంటే, ప్రవేశ పరీక్ష రాయించండి. కాలి కొలత తర్వాత చూసుకుందాం.